పద్నాలుగు, జవాబివ్వు

స్కిల్లెట్ వాగు వంతెనకి మంచి పేరు లేదు. పొద్దు గూకాక ఆ దారిన పోవాల్సి వస్తే మా ఊరివాళ్లు గని రోడ్డు పట్టుకుని కొండంతా చుట్టి పోతారు గానీ ఆ వంతెన ఎక్కరు. తప్పక ఎక్కినవాళ్లు కారు అద్దాలు ఎత్తేసి, పక్కకి చూడకుండా దాటేస్తారు.

ఎందుకంటే అక్కడ ఎవరెట్ రాట్లిఫ్ ఉన్నాడు.

ఉన్నాడంటే... చచ్చిపోయి ఉన్నాడు.

ఎవరెట్ మా ఊరి ఫైర్ డిపార్టుమెంటు మనిషి. జీతం లేని ఉద్యోగం. ఈ వెస్ట్ వర్జీనియా కొండల్లో మంటలార్పేవాళ్లు చాలామంది అంతే, పిలుపు వస్తే తినే తిండి వదిలేసి పరిగెత్తేవాళ్లు. రేడియోలో అతని నంబరు పద్నాలుగు. ఒక శనివారం రాత్రి వాగు పొంగి, వంతెన మీద ఎవరిదో కారు చిక్కుకుంది. నడుముకి తాడు కట్టుకుని దిగాడు. కారులో వాళ్లు బయటపడ్డారు. తాడు ఒక్కటే తిరిగొచ్చింది.

ఆ రాత్రి కౌంటీ రేడియో గదిలో డ్యూటీ మా అక్క మావిస్‌ది. తెల్లవార్లూ మైకు ముందు కూర్చుని పిలుస్తూనే ఉంది. "పద్నాలుగు, జవాబివ్వు... పద్నాలుగు, జవాబివ్వు..."

మా దగ్గర ఒక ఆచారం ఉంది. ఫైర్‌మన్ పోతే, అంత్యక్రియల రోజున అతని నంబరుని రేడియోలో మూడుసార్లు పిలుస్తారు. మూడుసార్లూ జవాబు రాదు. ఊరు ఊరంతా ఆ నిశ్శబ్దం వింటుంది. అప్పుడు "పద్నాలుగు పని ముగించుకుని ఇంటికెళ్లాడు" అని చెప్పి ముగిస్తారు. మామూలుగా అది ఒక్కసారే. ఎవరెట్ భార్య ఓపల్ మాత్రం ఏటా పిలవమని మా అక్కని బతిమాలుకుంది. ఏడాదికోసారి ఆయన పేరు గాలిలోకి వెళితే నాకదే చాలమ్మా అంది. మా అక్క కాదనలేదు.

తరవాత కౌంటీకి కొత్త డిజిటల్ రేడియోలు వచ్చాయి. పాత చానల్ని వదిలేశారు, కొండ మీద దాని టవరు పీకేశారు. మా అక్క కూడా రిటైరైంది. "ఇక ఆయన్ని ఎవరు పిలుస్తారు మావిస్?" అని ఓపల్ అడిగింది.

అదిగో, ఆ తరవాతే పుకారు మొదలైంది. వదిలేసిన ఆ చానల్లో రాత్రిపూట ఎవరో మాట్లాడుతున్నారని. వంతెన దగ్గర తప్ప ఇంకెక్కడా వినపడదని. మాట ఒక్కటీ అర్థం కాదని... బురద మింగుతూ మాట్లాడుతున్న మనిషి గొంతులా ఉంటుందని.

ఈ పుకారు పుట్టించినవాడు డెల్బర్ట్ స్కాగ్స్.

మా ఊళ్లో ప్రతి వంటింట్లోనూ ఒక స్కానర్ గొణుగుతూ ఉంటుంది. పోలీసులూ, ఫైరువాళ్లూ, అంబులెన్సువాళ్లూ వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది వినే పెట్టె అది. చెవులే గానీ నోరు లేదు దానికి, వినడమే తప్ప జవాబు చెప్పలేదు. నా సెలూన్లోనూ ఒకటుంది, అద్దం కింద, నూనె సీసాల పక్కన. కొనడం ఎవడైనా కొంటాడు. అందులో చానళ్లు ఎక్కించడం మాత్రం అందరి వల్లా కాదు. ఆ విద్య డెల్బర్ట్‌ది. ల్యాప్‌టాప్, వైరు పట్టుకుని వచ్చి, సరాసరి నా కుర్చీలో కూర్చునే ఆ పని చేసేవాడు.

"ఇదిగో షెరీఫ్. ఇదిగో ఫైరు. ఇదిగో అంబులెన్సు. రోడ్లు ఊడ్చేవాళ్ల సోది నీకెందుకు, మూసేశా." అంతా అయ్యాక కన్ను గీటి, అట్టడుగున ఇంకొకటి ఎక్కించేవాడు. "ఇది మాత్రం ఎవరెట్‌ది."

విద్య ఉంది, బుద్ధి లేదు. ఎవరింట్లో ఎవరు కాలుజారి పడ్డారో, ఎవరి భార్య ఎవరి మీద పోలీసుల్ని పిలిచిందో రాత్రంతా విని, పొద్దున నా దగ్గరికొచ్చి పళ్లికిలిస్తూ చెప్పేవాడు. ఒకావిడ కొడుకు లారీ కింద పడితే, పోలీసులు ఆమె తలుపు తట్టకముందే ఫోన్ చేసి "అయ్యో, పిల్లాడు పోయాడటగా" అన్నాడు. ఆ ముచ్చట నాకు చెబుతున్నప్పుడు నా చేతిలో కత్తి ఉంది, దాని కింద వాడి గొంతుంది. ఆ రోజు నన్ను దేవుడే కాపాడాడు.

శనివారం వచ్చిందంటే డెల్బర్ట్ పికప్ ట్రక్కు ఆ వంతెన మీదే. ఒక పెట్టె బీరు, పంది తొక్కల చిప్స్, నలుగురు పనిలేనివాళ్లు. హీటరు వేసుకుని, స్కానరు ముందు పెట్టుకుని దెయ్యం మాట కోసం కాచుకునేవాళ్లు. వాడు పెట్టిన నియమం ఒకటే. "తాగండి, నవ్వండి. వంతెన కిందికి మాత్రం దిగొద్దు. దిగినవాణ్ణి పద్నాలుగు వదలడు." పోయేముందు "ఎవరెట్, నీ వాటా!" అని ఒక బీరు డబ్బా వాగులోకి విసరాలి. ఆ పద్ధతి కూడా వాడు పెట్టిందే.

ఇక్కణ్ణుంచి చెప్పేది నాకు మా బావ వెర్నన్ చెప్పింది. మా అక్క మొగుడు. నా కుర్చీలో, మెడకి తువ్వాలు కట్టించుకుని, గడ్డం సగం గీసి సగం గీయకుండా ఉండగా చెప్పాడు. మధ్యలో ఏడ్చాడు కూడా.

కిందటి నవంబరులో పుట్టినరోజుకని మా అక్క అతనికి స్కానరు కొనిచ్చింది. డెల్బర్ట్ చానళ్లు ఎక్కించాడు. "ఇంక నువ్వు కూడా రావాలి బాబూ, లేకపోతే భయపడ్డావని ఊరంతా చెబుతా" అన్నాడు. మా బావకి పిల్లి అడ్డొచ్చినా భయమే. ఆ మాట బయటపడకూడదని వెళ్లాడు.

శనివారం. చలి కొరికేస్తోంది. పైన కొండల్లో వాన పడి వాగు హోరుమంటోంది. ట్రక్కు అద్దాలకి ఆవిరి పట్టింది.

చాలాసేపు ఏమీ లేదు...

ఉన్నట్టుండి స్కానర్ పలికింది. గురగుర... ఒక ఊపిరి... మళ్లీ గురగుర. గొంతే, సందేహం లేదు. కానీ ముక్కలు ముక్కలుగా, బొంగురుగా, ఎవరో పీక పిసుకుతుంటే వచ్చినట్టు.

"అబ్బ, ఇవాళ మంచి ఊపులో ఉన్నాడు!" అన్నాడు డెల్బర్ట్.

"మామూలుగా ఇంతసేపు మాట్లాడతాడా?" గుసగుసగా అడిగాడు మా బావ.

"లేదురా. నీ అదృష్టం."

వదల్లేదు ఆ గొంతు. ఆగుతుంది, మళ్లీ వస్తుంది. ఒకసారి వరసగా అరిచినట్టు... ఒకసారి ఏడ్చినట్టు. వెనక సీట్లో ఒకడు దానికి వంత పాడుతూ కుక్కలా మూలిగాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

పోయేముందు డెల్బర్ట్ అద్దం దించాడు. "ఎవరెట్, నీ వాటా!" అని డబ్బా విసిరాడు. ఈసారి సగం నిండినదే విసిరాడు, ఉదారంగా.

స్కానర్లోంచి ఒక కేక వచ్చింది...

డెల్బర్ట్ స్టీరింగు మీద కొట్టి కొట్టి నవ్వాడు. "చూశారా? బీరు ముట్టింది వాడికి!" మిగతావాళ్లు కూడా తలా ఒకటి విసిరారు. మా బావ కూడా విసిరాడు. ఈ మాట చెప్పేటప్పుడే అతనికి ఏడుపొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా బావ ఈ గొప్పంతా మా అక్కకి చెప్పాడు. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

"అంతసేపు మాట్లాడిందా? ఆ చానల్లోనా?"

"నా చెవులతో విన్నాను."

"ఈ రాత్రి నన్ను తీసుకెళ్లు. నా మైకులో పదేళ్లు నడిచిన చానలది. అందులో ఎవరు మాట్లాడుతున్నారో నేను వినాలి."

ఆ గొంతు సంగతి తెలిసినవాడు డెల్బర్టే కాబట్టి మా బావ వాడికి ఫోన్ చేశాడు. వాడు వెనకాడాడు. "ఇవాళ ఆదివారం కదా, అనవసరం. ఆదివారం పలకదు."

"దెయ్యానికి కూడా ఆదివారం సెలవా?" అని నవ్వాడు మా బావ.

వాడు నవ్వలేదట. కానీ మా అక్క ఫోన్ లాక్కుని, "ఏరా డెల్బర్టూ, మగాళ్ల ముందేనా నీ ధైర్యం?" అనేసరికి ఒప్పుకున్నాడు.

రాత్రి ముగ్గురూ ట్రక్కులో వెళ్లి వంతెన మీద ఆగారు. మా బావ తన కొత్త స్కానర్ ఒళ్లో పెట్టుకున్నాడు. డెల్బర్ట్ ఇంజను ఆపను కూడా లేదు. "చెప్పానుగా, ఏమీ ఉండదు. పోదామా?"

అప్పుడే స్కానర్ పలికింది.

గురగుర... గురగుర... నిన్నటి గొంతే. కానీ బాగా నీరసంగా.

మా బావ డెల్బర్ట్ మొహం చూశాడు. అంతవరకు ఆ మొహంలో భయం అతను చూడలేదు. పెదాలు తెల్లబడిపోయాయి. "ఆదివారం... ఆదివారం కదా..." అని గొణుగుతున్నాడు.

మా అక్క మాత్రం చెవి రిక్కించి, భృకుటి ముడిచింది. "ఇదేం చప్పుడు? ఇది దెయ్యం కాదు, గొంతు నలిగిపోతోంది. ఏదీ, ఇలా ఇయ్యి."

స్కానర్ లాక్కుంది. వెలుగుతున్న దాని చిన్న తెరలోకి చూసింది.

"డెల్బర్టూ, ఈ చానల్ని నారోలో ఎందుకు పెట్టావు?"

వాడి చెయ్యి గేరు మీదికి పోయింది.

సంగతేమిటంటే, పాత రేడియోలు గొంతుని వెడల్పుగా పంపేవి. ఇప్పటివి సన్నగా పంపుతాయి, నారో అంటే అదే. స్కానర్లో ఏ చానల్‌కి ఏది కావాలో చెప్పి పెట్టాలి. వెడల్పుగా వచ్చే మాటని సన్న దారిలో పట్టిస్తే, సందులో ఇరికించిన లారీ లాగా రెండు పక్కలా గీరుకుపోతుంది. ఆ చానల్ పాతదని డెల్బర్ట్‌కి తెలీదా? ఊళ్లో వాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

మా అక్క ఒక్క మీట నొక్కింది.

బొంగురు పోయింది. గరగర పోయింది. ట్రక్కులో తమ పక్కన కూర్చుని చెబుతున్నట్టు, ఒక ముసలావిడ గొంతు...

"...వంతెన కింద ఉన్నాను... కాలు విరిగింది, లేవలేను... మీ బండి లైట్లు కనబడుతున్నాయి... నిన్న కూడా వచ్చారు. మీ నవ్వులు వినబడ్డాయి... ఎందుకు విసురుతున్నారు నా మీద? డబ్బా మొహం మీద పడింది... ఎవరైనా కిందికి రండి... ఒక్కరు... కిందికి రండి..."

"ఓపల్!" అంది మా అక్క.

తలుపు తోసుకుని దిగింది. డెల్బర్ట్ ఆమె చెయ్యి పట్టుకుని "వద్దు మావిస్, వెళ్లొద్దు" అన్నాడు. మా అక్క వాణ్ణి లాగి ఒక్కటి కొట్టింది. టార్చి పట్టుకుని, గట్టు మీద కూర్చుని జారుతూ కిందికి దిగింది. మా బావ వెనకాలే దిగాడు. జన్మలో అతను చేసిన ధైర్యమైన పని అదొక్కటే.

వంతెన స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది ఓపల్. ఒక కాలు వెనక్కి మడతపడి ఉంది. కోటు మీద మంచు పేరుకుంది. నుదుటి మీద గాటు, దాని కింద ఎండిన నెత్తురు. చుట్టూ బీరు డబ్బాలు. కొన్ని పాతవి, తుప్పుపట్టినవి. కొన్ని కొత్తవి.

కళ్లు తెరిచే ఉన్నాయి. పైకి, వంతెన వైపు చూస్తున్నాయి.

"ఓపల్, నేను మావిస్‌ని. వచ్చేశాను. వచ్చేశానమ్మా." మా అక్క ఆమె చెయ్యి తీసుకుంది. ఆ చెయ్యి వంగలేదు.

ఆ లోయలో ఫోన్లు పనిచేయవు. మా బావ ట్రక్కు తీసుకుని కొండెక్కి అంబులెన్సుని పిలిచాడు. వాళ్లొచ్చేదాకా మా అక్క ఆమెని ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంది. డెల్బర్ట్ వంతెన చివర చతికిలబడ్డాడు. మా అక్క కిందినుంచే అడిగింది.

"ఆ గొంతు ఓపల్‌దని నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ."

అసలు జరిగింది ఇది. మా అక్క రిటైరయ్యాక ఓపల్ మొగుణ్ణి తానే పిలవడం మొదలుపెట్టింది. పెట్టెలో దాచుకున్న అతని పాత చేతి రేడియో తీసుకుని, ప్రతి శనివారం రాత్రి గుట్ట మీది ఇంట్లోంచి కాలిబాట వెంట దిగి వచ్చేది. వంతెన కింద నిలబడి మూడుసార్లు పిలిచేది, "పద్నాలుగు, జవాబివ్వు" అని. జవాబు రాదు. అయినా కబుర్లు చెప్పేది. ఇంటి కప్పు కారుతోందనీ, కుక్క చచ్చిపోయిందనీ, మోకాలి నొప్పి తగ్గలేదనీ. తరవాత "సరే, ఇంటికెళ్లు" అని, తానూ ఇంటికెళ్లేది.

డెల్బర్ట్ మొదటిసారి ఇదంతా స్పష్టంగానే విన్నాడు. "ముసలమ్మ సోది ఎవడు వింటాడు?" అన్నాడట షెరీఫ్‌తో. "నారోలో పెడితే దెయ్యంలా ఉంది. జనం వచ్చారు."

ఆ శనివారం తడి రాళ్ల మీద ఆమె కాలు జారింది. చేతిలో రేడియో ఉంది, అందులో ఉన్నది ఒకే చానల్. టవరు లేదు కాబట్టి ఆ మాట వంతెన దాటి పోదు. ఆ చానల్ వినేవాళ్లు ఈ లోకంలో ఆమె నెత్తి మీద బీరు తాగుతున్నవాళ్లే. వాగు హోరులో కేకలు పైకి అందలేదు. రేడియోలో అందాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

ఇంతటితో అయిపోతే బాగుండేది. దెయ్యం లేదు, గియ్యం లేదు, ఉన్నది మనుషుల పాడుబుద్ధే అనుకుని ఊరుకునేవాళ్లం.

శవపరీక్ష చేసిన డాక్టరు రాసిచ్చింది షెరీఫ్ మా అక్కకి చెప్పాడు. ఓపల్ పోయింది ఆదివారం రాత్రి కాదు. శనివారం రాత్రే, డెల్బర్ట్ బండి వెళ్లిన కాసేపటికే, చలికి. ఆదివారం తెల్లారేసరికే ఆమె బిగుసుకుపోయి ఉంది.

రేడియో ఆమె చేతిలో లేదు. వాగు అడుగున, రాళ్ల సందులో దొరికింది. విప్పితే గ్లాసుడు నీళ్లు, ఇసుక.

మరి ఆదివారం "నిన్న కూడా వచ్చారు" అన్నదెవరు?

అక్కడ దెయ్యం లేదని ఊరందరిలో గట్టిగా తెలిసినవాడు డెల్బర్ట్ ఒక్కడే. ఉండేలా చేసినవాడూ వాడే.

స్కానర్ ఆన్ చేసి నవ్వినందుకు మా చట్టంలో శిక్ష లేదట. డబ్బా విసిరినందుకు జరిమానా వేసి వదిలేశారు. ఊళ్లో ఎవరూ వాడితో మాట్లాడరు. స్కానర్లన్నీ అమ్మేశాడు, ల్యాప్‌టాప్ కూడా. అయినా ప్రతి శనివారం రాత్రి వాడి ట్రక్కు ఆ వంతెన మీదే ఉంటోంది. బీరు లేదు, మనుషులు లేరు. లైట్లు వేసుకుని ఒక్కడే కూర్చుంటాడు.

మొన్న జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చాడు. తెల్లబడిపోయింది తల. నేను మాట్లాడకూడదనే అనుకున్నాను, నోరు ఆగలేదు.

"ఇంకా ఎందుకు పోతావురా అక్కడికి? వినడానికి నీ దగ్గర పెట్టె కూడా లేదుగా?"

వాడు అద్దంలోంచి నా వైపు చూశాడు.

"ఒక్క శనివారం పోకుండా చూశానన్నా," అన్నాడు మెల్లగా. "పోకపోతే... ఇంట్లో వినబడుతోంది."